ఉగాదికి విత్తేది కాదు, తెంపేది

ఒక ఉగాది నాడు పచ్చడి తిని, పంచాంగం విని, వసంతం వచ్చిందన్న హుషారులో బీరగింజలు పట్టుకొని డాబా ఎక్కాను. వరంగల్ కొత్తవాడలో మా పెద్దమ్మ ఇల్లది. వాకిట్లో కండెలు చుడుతున్న ఆమె తల ఎత్తి చూసింది. "ఏంది బిడ్డా, ఇయ్యాల విత్తుతున్నవా? ఉగాదికి తెంపాలె గని విత్తుతరా?" అంది. నేను వినలేదు. గింజలు మొలిచాయి, నాలుగాకులు వేశాయి, తీగ సాగింది. మే మొదట్లో పూత కూడా వచ్చింది, కానీ అన్నీ మగపూలే. రోహిణి కార్తె వచ్చేసరికి ఆకులు అప్పడాల్లా పెళపెళలాడాయి. ఆ ఏడు మా ఇంట్లో బీరకాయ కూర బజారు కాయతోనే.

పద్యాల్లో వసంతం చైత్రంతో మొదలవుతుంది. వరంగల్ పెరటికి మాత్రం చైత్రం వచ్చిందంటే సగం కథ అయిపోయినట్టే. వసంతకాలంలో విత్తుకోవడం అనే మాట మంచు కరిగాక నేల మెత్తబడే దేశాలది. అక్కడ మొక్కకు శత్రువు వెనకనున్న చలి. ఇక్కడ శత్రువు ముందుంది, ఎండ. కాబట్టి లెక్క వెనక నుంచి కట్టాలి. రోళ్లు పగిలే రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది. దానికి ముందే తీగ తన కాయలన్నీ ఇచ్చేయాలి. బీర కాతకు రావడానికి 50 నుంచి 60 రోజులు, ఆనిగెపుకాయకు, అంటే సొరకాయకు, ఇంకో వారం అటూ ఇటూ పడుతుంది. కాయలు తెంపుకునే వారాలు కూడా కలిపి వెనక్కి లెక్కేసుకుంటూ పోతే సంక్రాంతి పండుగ దగ్గర ఆగుతాం. అంటే విత్తాల్సింది వసంతంలో కాదు, శిశిరంలో.

ఇక్కడ కార్తెల గొప్పదనం ఒకటి చెప్పుకోవాలి. ఉగాది చాంద్రమానపు పండుగ, అందుకే ఏటా జరుగుతుంది. 2025లో మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న. పదకొండు రోజుల తేడా! శివరాత్రి కూడా అంతే. కార్తె అలా కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులే కార్తె గనుక ఏ ఏడు చూసినా దాదాపు అదే తేదీకి వస్తుంది. శ్రవణ కార్తె జనవరి 24 ప్రాంతం, ధనిష్ఠ ఫిబ్రవరి 6 ప్రాంతం, మృగశిర జూన్ 8 ప్రాంతం. పూజకు తిథి చూసుకునే అదే ఇల్లాలు గింజకు కార్తె చూసుకుంటుంది. ఎండ చంద్రుడి మాట వినదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొత్తవాడ అంటే లోకానికి జంపఖానాలు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాత నేత ఇళ్లలో మంచి చోటంతా మగ్గానిదే, మనుషులు మిగిలిన జాగాలో సర్దుకుంటారు. పెరడంటే నాలుగు మంచాలు పట్టేంత చోటు, అందులో ఒక కరివేపాకు చెట్టు, బట్టలు ఉతికే బండ. స్లాబులు పడ్డాక ఆ పెరడు డాబా ఎక్కింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి, పుస్తకం రాసి, 'మిద్దెతోట' అన్న మాటను తెలుగు ఇళ్లలోకి తెచ్చారు. మా పెద్దమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆమెకు అది "మీది పెరడు", అంతే.

పని మొదలయ్యేది మట్టితో, అదీ సంక్రాంతికి ముందే. వరంగల్ చుట్టుపక్కల దొరికేది ఎర్ర చెలక, లేకపోతే నల్లరేగడి. ఒట్టి చెలక నీళ్లను నిలబెట్టదు, ఒట్టి రేగడి ఎండితే బీటలిచ్చి వేళ్లను తెంపుతుంది. రెండింటికీ మధ్యవర్తి చెరువు మట్టి. కాకతీయులు తవ్వించిన చెరువుల నేల ఇది, పూడిక తీసినప్పుడల్లా ఆ మట్టి పొలాలకు పోవడం పాత అలవాటే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం ఆ అలవాటుకే మళ్లీ ఊపిరి పోసింది. కుండీకి మాత్రం ఆ మట్టిని ఉప్పులా వాడాలి. రెండు పాళ్లు చెలక మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, అర పాలు చెరువు మట్టి, పిడికెడు వేపపిండి. ఎరువు మాగిందో లేదో ముక్కు చెప్తుంది. పేడ వాసన వస్తే ఇంకా కాలేదు, తొలకరి నాటి నేల వాసన వస్తే అయింది. పచ్చి పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలు అదనం. కలిపిన మట్టిని తడిపి, గోనెసంచి కప్పి, పదిహేను రోజులు వదిలేయాలి. ఈ పదిహేను రోజులు ఓపిక పట్టలేకనే చాలామంది మొదటి ఏడే తోట మానేస్తారు.

కుండీల సంగతి. ఆనిగెపు తీగకు అడుగున్నర లోతైనా కావాలి, తోటకూరకు అరడుగు చాలు. నీళ్ల డ్రమ్మును అడ్డంగా కోస్తే రెండు కుండీలవుతాయి. కానీ నేతవాడల్లో చవకగా దొరికే రంగు డ్రమ్ములను ముట్టుకోకూడదు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్‌లో ఇంకిన రసాయనం తినే కూరలోకి రాదని ఎవరు హామీ ఇస్తారు? ఇంకొకటి, తడిసిన మట్టి ఘనపుటడుగు నలభై కిలోలు దాటుతుంది. పెద్ద డ్రమ్ములను స్లాబు నడిమధ్యన కాక గోడల మీదుగా, బీముల మీదుగా పెట్టుకోవాలి.

ఇక గింజ. అసలు విద్య ఇదే.

వచ్చే ఏటి గింజకు ఈ ఏడే కాయను ఎంచుకోవాలి. మొదటి కాయ కాదు, చివరి గిడసబారిన కాయ అసలే కాదు. తీగ మంచి బలంలో ఉన్నప్పుడు కాసిన రెండో మూడో కాయకు గుడ్డపీలిక కట్టి గుర్తు పెడతారు. ఎవరూ తెంపకుండా అది తీగ మీదే ముదిరి, ఎండి, ఊపితే గలగలమనాలి. బీరకాయ అయితే లోపల పీచు వలలా మిగులుతుంది. కింది మూత విప్పి ఊపితే గింజలు వాటంతటవే రాలతాయి, పీచు స్నానాల గదికి పోతుంది. ఆనిగెపుకాయను వెనకటి ఇళ్లలో పొయ్యి మీది దూలానికి వేలాడదీసేవారు. పొగ పట్టిన కాయలోకి పురుగు పోదు. ఇది ఒట్టి పల్లె అలవాటని తోసిపారేసేవాళ్లు సురపాలుడి వృక్షాయుర్వేదం చూడాలి. తనంత తాను పండి ఎండిన కాయల గింజలకు పాలు చిలకరించి ఆరబెట్టి, ఆవాలు, వాయువిడంగాల పొగ పట్టమని అందులో ఉంది. ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో మిగిలిన ఆ రాతప్రతికి 1996లో నళినీ సాధలే ఇంగ్లీషు అనువాదం వెలువడింది మన సికింద్రాబాదు నుంచే. పొయ్యి మీది పొగ, పండితుడి పొగ ఒకటే పని చేశాయి.

పొగ కాకపోతే పేడ. తడి పేడలో బూడిద కలిపి, బీర, కాకర గింజలను అందులో గుచ్చి, పిడకలా గోడకు కొడతారు. ఎండి గట్టిపడ్డ ఆ పిడకలో గింజకు చెమ్మ తగలదు, పురుగు చేరదు, ఎలుకకు కూడా రుచించదు. విత్తే రోజున పిడకను నీళ్లలో వేస్తే కరిగి గింజ బయటపడుతుంది. లేదా పిడక ముక్కనే పాతితే ఎరువు గింజతోనే వస్తుంది. సిమెంటు గోడకు పేడ కొడితే ఇంట్లో పిల్లలు ఒప్పుకోరు కనుక ఇప్పుడు గాజుసీసాలో బూడిద పోసి దాచుకుంటున్నారు. అదీ మంచిదే, మూత గట్టిగా ఉంటే.

ఒక జాగ్రత్త మాత్రం ప్రాణాల మీదికి వచ్చేది. ఆనిగెపుకాయల్లో అరుదుగా చేదు కాయ తగులుతుంది. వండే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకొని చూడాలి, చేదుంటే ఉమ్మేసి కాయ పారేయాలి. చేదుకు కారణమైన పదార్థం విషమే, వండినా పోదు. అలాంటి తీగ నుంచి గింజ తీయడం మాట ఉండనే కూడదు.

శ్రవణ కార్తె నాటికి వరంగల్‌లో రాత్రిళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. తీగజాతి గింజకు చలి గిట్టదు, మట్టిలోనే కుళ్లుతుంది. అందుకని నేరుగా విత్తరు. రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడి నూలుగుడ్డలో మూటకట్టి, పొయ్యి పక్కన పెడతారు. పొయ్యిలు పోయాయి గనుక మా పెద్దమ్మ మూట ఫ్రిజ్ వెనక వెచ్చటి మూలకు చేరింది. మూడు నాలుగు రోజుల్లో తెల్లటి మొనలు వస్తాయి. కాకర గింజ పెంకు మందం, దాని మొన దగ్గర గోళ్లు తీసే కత్తెరతో చిటికెడు కొరికితే గాని కదలదు. మొలకెత్తిన గింజను అంగుళం లోతున, మొన కిందికి ఉండేలా పెట్టాలి. మేడారం జాతర శ్రవణ కార్తెకు దగ్గరగా వచ్చిన ఏడు ఇళ్లలో లెక్క ఇంకా తేలిక. మాఘ పౌర్ణమి జాతరకు బయల్దేరేముందు విత్తి, తడిపి వెళ్తే తిరిగొచ్చి బెల్లపు బంగారం పంచేనాటికి రెండాకులు పలకరిస్తాయి.

తీగలతో పాటే బెండ, గోకర, దోస. ఇవి ఎండను ఓర్చే జాతులు. తోటకూర, గంగవాయిలి, పుంటికూర ఎప్పుడు చల్లినా వస్తాయి. తోటకూర నెల లోపే కోతకు వస్తుంది కాబట్టి పదిహేను రోజులకోసారి పిడికెడు చల్లుకుంటూ పోవచ్చు. టమాటకు మాత్రం ఈ కాలంలో నారు పోయడం దండుగ. ఏప్రిల్ వేడికి పుప్పొడి చచ్చిపోయి పూలు ఊరికే రాలతాయి. చిక్కుడు మృగశిర దాకా ఆగాలి.

రెండో గణుపు దాటగానే తీగ చెయ్యి చాపుతుంది. అప్పటికే పందిరి సిద్ధంగా ఉండాలి. కొత్తవాడకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, నూలు. మగ్గం మీద మిగిలిన పోగు కొసలు ఏ ఇంట్లో అయినా దొరుకుతాయి. వెదురు బొంగుకూ తీగకూ మధ్య ఎనిమిది అంకెలా తిప్పి, వదులుగా ముడి వేయాలి. తీగ లావయ్యేకొద్దీ ప్లాస్టిక్ సుతిలి కోసుకుపోతుంది, నూలు పోగు సాగి దారిస్తుంది. వానాకాలానికి అదే కుళ్లి రాలిపోతుంది. పోగు తెగితే కంటికి కనిపించకుండా అతికే వేళ్లకు ఈ ముడి ఎంతసేపు? నేను వేసిన ముళ్లను మా పెద్దమ్మ ఒక్కటొక్కటిగా విప్పి మళ్లీ వేసింది. "గొంతు పిసుకుతున్నవ్ దాన్ని" అని ఒక మాట అంటూ.

పందిరి ఎక్కేదాకా ఆనిగెపు తీగకు పక్క కొమ్మలు తీసేస్తూ, పైకి చేరాక కొస తుంచాలి. మనసొప్పదు కానీ తుంచాలి. కాయనిచ్చే ఆడపూలు ఎక్కువగా పక్క కొమ్మల మీదే వస్తాయి. ఎండ పెరిగి పగలు పొడుగయ్యేకొద్దీ తీగ మగపూలే ఎక్కువ పూస్తుంది. నా ఉగాది బీరకు జరిగింది అదే.

మార్చి నుంచి నీళ్ల బాధ. పైన చల్లిన చెంబెడు నీళ్లలో సగం ఆవిరే. పాత ఉపాయం మట్టికుండ. మెరుగు పూయని చిన్న కుండను మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెడితే గోడల గుండా చెమ్మ ఊరి వేరుకు అందుతుంది. రెండు వేల ఏళ్ల కిందట చైనాలో ఫాన్ షెంగ్‌జీ రాసిన వ్యవసాయ గ్రంథంలోనూ ఇదే ఉంది, పాతిన కుండ చుట్టూ నాలుగు పుచ్చజాతి గింజలు పెట్టమని. ఇంట్లో నీళ్లు చల్లబడని పాత రంజన్‌ను ఇందుకు వాడదామనుకుంటారు చాలామంది. అది పనికిరాదు. చల్లదనం వచ్చేది చెమ్మ బయటికి ఊరడం వల్లే. రంధ్రాలు పూడుకుపోయిన కుండ మనిషికి చల్లటి నీళ్లివ్వదు, మొక్కకు తడి ఇవ్వదు. కొత్త కుండ పెరటికి, పాత కుండ ఎరువు నానబెట్టుకోవడానికి.

పురుగు గురించి తక్కువ చెప్పుకున్నా చాలు. లేత ఆకును జల్లెడ చేసే ఎర్ర పెంకు పురుగు పొద్దున్నే మందకొడిగా ఉంటుంది, చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేయొచ్చు. మంచు తడి ఆరకముందే జల్లిన బూడిద ఆకును అంటుకొని దాన్ని రానివ్వదు. పేనుబంకకు వేపగింజల కషాయం, 50 గ్రాముల పొడి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, సాయంత్రం చల్లాలి. గింజలు మాత్రం పోయిన జూన్‌లో ఏరి ఆరబెట్టుకున్నవై ఉండాలి. మందుడబ్బా జోలికి పోకపోవడానికి ఈ జిల్లాకు కారణముంది. 1997-98లో వరంగల్ పత్తిరైతుల చావులు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. అప్పటి ఈ జిల్లాలోనిదే, ఇప్పుడు జనగామ జిల్లాకు పోయిన ఏనబావి, రసాయనాలు మానేసిన ఊరుగా పేరు తెచ్చుకుంది. ఊరంతా మానగా లేనిది పది కుండీలకు మందు ఎందుకు?

డబ్బు మిగులుతుందా అని అడుగుతారు. పెద్దగా మిగలదు. కుండీలు, ఎరువు, మోసిన నీళ్లు లెక్కేస్తే బజారు కాయే చవకేమో. మిగిలేది గింజ. దుకాణపు హైబ్రిడ్ పొట్లం కాయ బాగానే ఇస్తుంది కానీ దాని గింజ మరుసటి ఏడు తల్లిని పోలి రాదు, మళ్లీ కొనాల్సిందే. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి కూడా రైతులు తమ కాయల నుంచే గింజ తీసుకుంటూ వచ్చిన రకమే. పెద్దమ్మ బీర ఎన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉందో ఆమెకే లెక్క లేదు. కాయ పొట్టి, అంచులు పదును, రుచి మాత్రం తియ్యన.

మరుసటి ఏడు శ్రవణ కార్తెలో విత్తాను. మార్చి రెండో వారానికి మొదటి ఆడపువ్వు, వెనక వేలెడంత పిందెతో. బీర, ఆనిగెపు పూలు పొద్దున విచ్చుకోవు, పొద్దు వాలాక విచ్చుకుంటాయి. వాటికి పుప్పొడి మోసేవి సాయంకాలపు రెక్కలపురుగులు. డాబా మీద అవి రాకపోతే ఆ పని మనదే. చీకటి పడుతుండగా మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగుతోంది. పెద్దమ్మ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి, ఒక మగపువ్వు తెంపి, రెక్కలు వెనక్కి మడిచి, దాన్ని ఆడపువ్వు మధ్యన మెల్లగా రుద్దింది. "గిప్పుడు ముట్టకు" అని చెప్పి దిగిపోయింది.