నౌక ఎక్కనివారి కాలం: అంతరిక్ష రక్షణకథలకు పశ్చిమ ప్రకాశం నుంచి ఒక పఠనం

వ్యాససంగ్రహం:

ఒక జాతి భవిష్యత్తును కాపాడటానికి కొద్దిమంది నౌకలో సుదూరం ప్రయాణించడం ఆధునిక చలనచిత్రానికి బాగా అలవాటైన ఇతివృత్తం. ఇటువంటి కథలపై విమర్శ సాధారణంగా నౌకను, నాయకుణ్ణి, విజ్ఞానశాస్త్ర సంభావ్యతను పరిశీలిస్తుంది. నేలపై మిగిలిపోయినవారి నిరీక్షణ పరిశీలనకు రావడం అరుదు. క్రిస్టఫర్ నోలన్ 'ఇంటర్‌స్టెల్లార్' (2014), సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం 9000 కె.ఎం.పి.హెచ్.' (2018) చిత్రాలను ఆ నిరీక్షణ కోణం నుంచి, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల జలానుభవాన్ని ఆధారంగా చేసుకుని చదవడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంతరిక్ష కథనం, నిరీక్షణ, కరువు, వలస, వెలిగొండ, సప్తసంతానాలు.

1. ప్రవేశిక

అంతరిక్ష చిత్రాన్ని గిద్దలూరు నుంచి చదవడం మొదట విడ్డూరంగా తోచవచ్చు. నల్లమల అంచున, నంద్యాల-గుంటూరు రైలుమార్గంలో ఉన్న ఈ పట్టణానికీ రోదసికీ నేరుగా సంబంధమేమీ లేదు. అయితే 'ఇంటర్‌స్టెల్లార్' మొదలయ్యేది రోదసిలో కాదు, ఎండిన పొలంలో. గోధుమ అప్పటికే పోయింది. బెండకు అదే చివరి పంట అని ఒక పాత్ర మాటవరసకు అంటుంది. మిగిలింది మొక్కజొన్న ఒక్కటే. పంట పోవడం, దుమ్ము రేగడం, పిల్లలకు దగ్గు రావడం, ఊరు వదలాలా వద్దా అని ఇంట్లో తగవు పడటం ఈ చిత్రంలో నౌకాయానానికి ముందుమాటలు మాత్రమే కావు. కథ చివరిదాకా అవి నౌకను వెంటాడుతూనే ఉంటాయి. బోరుబావి ఎండితే మరింత లోతుకు తవ్వడం, తవ్విన నీటిలో ఫ్లోరైడ్ పడటం, పనికోసం హైదరాబాదుకో బెంగళూరుకో తరలిపోవడం తెలిసిన పశ్చిమ ప్రకాశం పాఠకునికి ఈ తొలి అరగంట అద్భుతరసంగా కాక వాస్తవచిత్రణగా అందుతుంది.

చంద్రయాన్-1 పరిశీలనలు చంద్రునిపై నీటి అణువుల జాడను 2009లో వెల్లడించాయి. చంద్రునిపై నీరు దొరికింది గానీ మా ఊళ్లో దొరకలేదన్న చమత్కారం అప్పటినుంచీ తేలికగా వాడుకకు వస్తుంది. విమర్శకు అది ఉపకరించదు. అంతరిక్ష పరిశోధనకూ తాగునీటికీ పోటీ పెట్టడం ఈ వ్యాసం పద్ధతి కాదు. కథ ఎవరి కాలాన్ని లెక్కిస్తుంది, ఎవరి కాలాన్ని లెక్కించదు అన్నదే ఇక్కడ ప్రశ్న.

2. బోర్లించిన పళ్లాలు

'ఇంటర్‌స్టెల్లార్' ఆరంభంలో కొందరు వృద్ధులు కెమెరాకు ఎదురుగా కూర్చుని దుమ్ము రోజులను తలచుకుంటారు. వారిలో పలువురు నటులు కారు. 1930ల అమెరికా దుమ్ముతుఫానులను బాల్యంలో అనుభవించినవారు. కెన్ బర్న్స్ 2012లో రూపొందించిన 'ది డస్ట్ బౌల్' డాక్యుమెంటరీ నుంచి ఆ సాక్ష్యాలను నోలన్ తీసుకున్నాడు. భోజనబల్లపై పళ్లాలను బోర్లించి ఉంచే దృశ్యం కూడా అటువంటి జ్ఞాపకానికి చెందినదే. దుమ్ము పడకుండా, తినేముందు మాత్రమే పళ్లెం తిరగేస్తారు. భవిష్యత్తుకు చెందిన కల్పనలో గతకాలపు నిజమైన సాక్షులు కూర్చోవడం ఈ చిత్రం సాధించిన ప్రధాన శిల్పవిజయం. కృష్ణబిలం చిత్రణను, కిప్ థోర్న్ శాస్త్ర సలహాను ప్రశంసించిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. కానీ ఆ కృష్ణబిలానికి ప్రేక్షకుని హృదయంలో బరువు కలిగించినవి బోర్లించిన ఈ పళ్లాలే.

తెలుగు సాహిత్యానికి ఇటువంటి సాక్షులు కొత్త కాదు. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో ఎండిన నదికి రంగడు, గంగమ్మ సాక్షులు. బండి నారాయణస్వామి 'శప్తభూమి' అనంతపురం సీమ గతాన్ని కరువుతో సహా నవలలోకి తెచ్చింది. గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు 1970లో కొత్త జిల్లాలోకి చేరేదాకా కర్నూలు జిల్లా భాగాలే గనుక, ఈ కరువు సాహిత్యం వాటికి పరాయిది కాదు. కథ, కవిత్వం, నవల కూడబెట్టిన ఈ సాక్ష్యసంపద తెలుగు వైజ్ఞానిక కల్పనకు మాత్రం వారసత్వంగా అందలేదు. కరువు వాస్తవికతావాదం వాటాగా, అంతరిక్షం వినోదం వాటాగా విడిపోయాయి. ఈ పంపకాన్ని పరిశోధకులు కూడా ప్రశ్నించకుండానే అంగీకరించినట్లు కనిపిస్తుంది.

3. ఇరవైమూడేళ్లు

మిల్లర్ గ్రహంపై ఒక గంట గడిస్తే భూమిపై ఏడేళ్లు గడుస్తాయి. కూపర్ బృందం ఆ గ్రహంపై అనుకున్నదానికన్నా ఎక్కువసేపు చిక్కుకుని తిరిగి వచ్చేసరికి ఇరవైమూడేళ్లు దాటిపోయాయి. నౌకలోనే ఉండిపోయిన రోమిలీ గడ్డం నెరిసింది. పదేళ్ల వయసులో తండ్రిని సాగనంపిన మర్ఫ్, తండ్రి వెళ్లేనాటికి ఎంత వయసు వాడో అంత వయసుకు చేరింది. కొడుకు టామ్ పంపిన సందేశాలలో పెళ్లి, బిడ్డ, తాత మరణం వరుసగా దొర్లిపోతాయి. సాపేక్షతా సిద్ధాంతం ఇక్కడ శాస్త్రపాఠంగా నిలవదు. నాయకుల గంట ప్రజల జీవితకాలంతో సమానం కావడమనే రాజకీయానుభవానికి అది రూపకం అవుతుంది.

పశ్చిమ ప్రకాశంలో ఈ లెక్కకు స్థానికమైన పోలిక ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టి.ఎం.సి.ల కృష్ణా వరదనీటిని నల్లమల కింద నుంచి తేవాలని సంకల్పించిన వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. మార్కాపురం ప్రాంత కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల పొడవైన రెండు సొరంగాలలో మొదటిది 2021లో, రెండవది 2024లో పూర్తయ్యాయి. 2024 మార్చిలో వాటిని జాతికి అంకితం చేసేనాటికి కూడా ముంపు గ్రామాల పునరావాసం ముగియలేదు. శంకుస్థాపన నాటికి మర్ఫ్ ఈడు, అంటే పదేళ్లు ఉన్న బాలిక ఆ అంకితోత్సవం నాటికి ముప్పైఎనిమిదేళ్ల స్త్రీ. మిల్లర్ గ్రహం మింగిన కాలం కన్నా ఇది అయిదేళ్లు ఎక్కువ.

పోలికకు హద్దు కూడా చెప్పుకోవాలి. చిత్రంలో ప్రొఫెసర్ బ్రాండ్ ప్రతిపాదించిన మొదటి ప్రణాళిక, అంటే భూమిపైనున్న ప్రజలందరినీ తరలించే పథకం, తాను పరిష్కరించలేనని ఎరిగిన సమీకరణంపై నిలబెట్టిన అబద్ధం. వెలిగొండను ఆ కోవలో చేర్చడం అన్యాయం. అక్కడ కొండను నిజంగానే తొలిచారు. పులుల అభయారణ్యం కింద, కిలోమీటర్ల కొద్దీ చీకటిలో యంత్రాలతో, మందుపాతరలతో పనిచేసిన కార్మికుల అనుభవం ఏ నౌకా బృందం అనుభవానికీ తక్కువ కాదు. బాహుబలం కన్నా ఓర్పు ఎక్కువ కావలసిన, మూసివున్న చోట సాగే అటువంటి యాత్రను తెలుగు సినిమా ఇంకా ఇతివృత్తంగా ఎన్నుకోలేదు. అయినా నిరీక్షించేవారి పక్షాన చూస్తే, వాగ్దానం అబద్ధమైనా ఆలస్యమైనా గడిచిన ఏళ్లు ఒకటే. టామ్ పాత్ర అందుకే కీలకం. అతడు పొలం విడువడు. తొలిబిడ్డ పోయినా, ఉన్న బిడ్డ దగ్గుతున్నా విడువడు. చిత్రం అతన్ని మొండివాడిగా చూపి, చివరికి మరచిపోతుంది. మర్ఫ్ అంత్యదశ తెరపై ఘనంగా కనిపిస్తుంది. టామ్ ఏమయ్యాడో ప్రేక్షకునికి తెలియదు. సాక్షులతో మొదలైన చిత్రం తన మొదటి సాక్షి వంటివాణ్ణి ఇలా జారవిడవడం 'ఇంటర్‌స్టెల్లార్'లోని పెద్ద లోపం.

4. 'అంతరిక్షం': ప్రజ లేని రక్షణ

సంకల్ప్ రెడ్డి చిత్రం 2018 డిసెంబరు 21న విడుదలయింది. 'ఘాజీ' (2017)లో జలాంతర్గామి ఇరుకును నేర్పుగా వాడుకున్న దర్శకుడు అదే ఇరుకును ఇక్కడ రోదసికి తరలించాడు. అదుపు తప్పిన మిహిర అనే ఉపగ్రహం మరొక ఉపగ్రహాన్ని ఢీకొంటే ప్రపంచ సమాచార వ్యవస్థ స్తంభిస్తుంది. దాన్ని సరిచేయగల దేవ్ ఒక పాత వైఫల్యం, పార్వతి మరణం అనే రెండు గాయాలతో వృత్తికి దూరమై ఉంటాడు. రియా, కరణ్, మోహన్‌లతో కలిసి అతడు బయలుదేరతాడు. పరిమిత వనరులతో తెలుగు తెరపై భారరహిత స్థితిని నమ్మదగినట్లు చూపడం చిన్న విషయం కాదు. ఈ చిత్రానికి రావలసిన గౌరవం అక్కడ వచ్చి తీరాలి.

లోపం మరొకచోట ఉంది. సమాచార వ్యవస్థ స్తంభిస్తే ఎవరి బతుకు ఎలా దెబ్బతింటుందో తన శరీరంతో చూపే ఒక కుటుంబం గాని, ఒక ఊరు గాని ఈ కథలో పాత్రస్థాయికి చేరలేదు. ప్రమాదం దేశానిది, దుఃఖం దేవ్‌ది. వాటి నడుమ ఉండవలసిన ప్రజ లేదు. అందువల్ల యాత్ర ప్రాయశ్చిత్తంగా కుదించుకుపోయింది. నాయకుడు తన గతాన్ని సరిదిద్దుకోవడమే లోకాన్ని రక్షించడంగా మారింది. బృందంలో కలిగే విభేదాలకు కూడా ఇదే కారణం. ఎవరికోసం వచ్చామన్న ప్రశ్నకు వారిచ్చే జవాబులో 'దేశం' అన్న పదం ఉంది గాని ముఖం లేదు. నోలన్ నౌక నుంచి చూసే ప్రతిసారీ వెనక ఒక వాకిలి కనిపిస్తుంది. సంకల్ప్ రెడ్డి నౌక వెనక నియంత్రణ గది మాత్రమే కనిపిస్తుంది.

'ఆదిత్య 369' (1991) కాలయంత్రం 2504కు చేరినప్పుడు అణుయుద్ధానంతరం భూగర్భంలో బతికే జనాన్ని చూపింది గాని అక్కడ నిలవలేదు. 'కల్కి 2898 ఏ.డి.' (2024)లో ఎండిన గంగ, చివరి నగరమైన కాశి, వనరులన్నీ పైకి లాక్కున్న కాంప్లెక్స్ ఉన్నాయి. శంబలలో నిరీక్షించే జనం కూడా ఉన్నారు. తెలుగు వైజ్ఞానిక కల్పన ప్రజకు ఇంత చోటివ్వడం చెప్పుకోదగినదే. అయితే అక్కడి నిరీక్షణ అవతారం కోసం. నీటి లెక్క పురాణం లెక్కలో కలిసిపోయింది.

5. తటాకమనే సంతానం

'ఇంటర్‌స్టెల్లార్' భవిష్యత్తును రెండు రూపాలలోనే ఊహిస్తుంది. ఒకటి కన్నబిడ్డ, మరొకటి ఘనీభవింపజేసి నౌకలో భద్రపరచిన అయిదువేల పిండాలు. భూమి బాగుపడే ప్రస్తావన దానిలో లేదు. తెలుగువారి భావసంపదలో మూడవ రూపం ఒకటి ఉంది. పుత్రుడు, దేవాలయం, వనం, కృతి మొదలైన వాటితోపాటు తటాకాన్ని కూడా సప్తసంతానాలలో చేర్చారు. చెరువు తవ్వించినవానికి చెరువే సంతతి. ఈ ఊహలో రాబోయే తరం ఎక్కడికీ పోనక్కరలేదు. ఉన్నచోటనే ఉండగలగడం దాని భవిష్యత్తు.

గుండ్లకమ్మపై ఉన్న కంభం చెరువు ఈ ఊహకు ఈ ప్రాంతంలోనే నిలిచిన సాక్ష్యం. విజయనగర రాణి వరదరాజమ్మకు సంప్రదాయం ఆపాదించే ఆ చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించింది. గిద్దలూరుకు దక్షిణాన, పొరుగు జిల్లాలో ఉన్న పోరుమామిళ్ల చెరువు కూడా అదే ఏడు ఆ గుర్తింపు పొందింది. ఉదయగిరి నుంచి పాలించిన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన 1369 నాటి పోరుమామిళ్ల సంస్కృత శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను చెబుతుంది. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం ఆ దోషాలలో ఒకటి. కృష్ణాజలాల పంపకం తెలిసిన నేటి పాఠకుడు ఆ మాట దగ్గర ఒక్కక్షణం ఆగక తప్పదు. అంతరిక్ష కథకునికి పనికివచ్చే సామగ్రి ఇది. మనుగడకు కావలసిన అంగాల జాబితా, నాశనానికి దారితీసే దోషాల జాబితా నౌకా నిర్మాణానికీ అవసరమే.

అయితే ఈ సంప్రదాయాన్ని నిర్దోషమైన ప్రత్యామ్నాయంగా నిలబెట్టడం కూడా తగదు. సుంకేసుల, కలనూతల, గుండంచెర్ల వంటి ముంపు గ్రామాలవారు ఇతరుల నీటికోసం తమ ఊళ్లను ఇవ్వవలసి వచ్చింది. అంతరిక్ష కథలో త్యాగం చేసేవాడు నౌకలో ఉంటాడు, అతని పేరు అందరికీ తెలుస్తుంది. జలాశయం కథలో త్యాగం చేసేవాడు నేలమీదే ఉంటాడు, నీటి కిందికి పోయేది అతని ఇల్లు. పోరుమామిళ్ల శాసనం చెరువు కొలతలను, కట్టించినవారి వంశాన్ని, పట్టిన రెండేళ్ల కాలాన్ని భద్రంగా నమోదు చేసింది. కట్టినవారు మాత్రం అందులో వెయ్యిమంది పనివాళ్లు, నూరు బండ్లు అన్న లెక్కగానే మిగిలారు.