‘వేలిముద్ర’ నుంచి ‘మూస’కు: స్పర్శరహిత గుర్తింపులో నిల్వసమాచార రక్షణ – ఒక పదవిమర్శ

కీలకపదాలు: వేలిముద్ర, నిశానీ, మూస, స్పర్శరహిత గుర్తింపు, నిల్వసమాచారం.

1. ప్రస్తావన

‘వేలిముద్ర’ అన్న మాటలో ఒక చర్య ఇమిడి ఉంది. సిరా అంటిన బొటనవేలిని కాగితంపై ఒత్తితేనే ముద్ర పడుతుంది. ఒత్తినవారు సమ్మతించినట్టు లెక్క. సంతకానికి బదులుగా ‘నిశానీ’ అయిన ఈ మాట ‘వేలిముద్రగాడు’ అన్న ఈసడింపునూ మోసింది. స్పర్శరహిత యంత్రం ముందు ఈ అర్థం చెల్లదు. వేలు దేనికీ తగలదు. కెమెరా దూరం నుంచే దాని గీతలను చిత్రిస్తుంది. అయినా పాత మాటే కొనసాగడంతో దృష్టి తాకడం, తాకకపోవడం దగ్గరే ఆగుతోంది. భద్రపరచిన ప్రతి ఏమవుతుందన్న ప్రశ్న వెనుకబడుతోంది.

2. నాచారం, ఉప్పల్: వేలు లేని వేలిముద్ర

ఈ పదం వేలిని విడిచిపోవడం తూర్పు హైదరాబాదుకు కొత్త కాదు. డీఎన్ఏ వేలిముద్రల విద్యకు మన దేశంలో ఆద్యుడు లాల్జీ సింగ్. ఆ విద్యకు కేంద్రమైన సీడీఎఫ్‌డీ ఒకప్పుడు నాచారంలో ఉండేది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంది. అక్కడ ‘వేలిముద్ర’ రూపకం మాత్రమే. ‘ఒకరిది మరొకరికి ఉండదు’ అన్న అర్థాన్ని అది చక్కగా అందిస్తుంది. కానీ వేలిగీతలు ఒక్క మనిషినే పట్టిస్తే, డీఎన్ఏ రక్తసంబంధీకుల జాడ కూడా చెబుతుందన్న భేదాన్ని కప్పివేస్తుంది. అందుచేత అక్కడా అసలు చిక్కు నిల్వదే. డీఎన్ఏ నిధులను ప్రతిపాదించిన 2019 నాటి బిల్లును ప్రభుత్వం 2023లో ఉపసంహరించుకుంది. 2022 నాటి నేరప్రక్రియ (గుర్తింపు) చట్టం మాత్రం వేలిముద్రలు సహా సేకరించిన కొలతలను 75 ఏళ్లు భద్రపరచవచ్చంటోంది.

3. ‘మూస’ చెప్పే సత్యం

యంత్రం సాధారణంగా పోల్చేది బొమ్మను కాదు. గీతలు ఎక్కడ ఆగాయో, ఎక్కడ చీలాయో తెలిపే బిందువుల పట్టికను. దీనినే టెంప్లేట్ అంటారు. దీనికి ‘మూస’ అన్న తెలుగు మాట మరింత నిజాయితీగలది. మూస ఉంటే ఎన్ని అచ్చులైనా పోయవచ్చు. బిందువుల పట్టిక నుంచి వేలిముద్ర చిత్రాన్ని తిరిగి నిర్మించవచ్చని పరిశోధకులు నిరూపించారు. పట్టిక దాకా పోనక్కరలేదని 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారం ఉదంతం చూపింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని దస్తావేజుల వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి, ఒక సిమ్‌కార్డుల పంపిణీదారు వేల సిమ్‌లను చెలామణీలోకి తెచ్చాడని బయటపడింది. వాటి యజమానులు అక్కడ ఏ యంత్రాన్నీ తాకలేదు.

స్పర్శరహిత పద్ధతి గాజుపలకపై మిగిలే జాడను తొలగిస్తుంది; అది మేలే. కానీ నిల్వలోని ప్రతికి అదే రక్షణ కాదు. సంకేతపదం పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. రథా, కానెల్, బోల్ 2001లో ప్రతిపాదించిన ‘రద్దుచేయదగిన’ పద్ధతి ఈ లోపానికే విరుగుడు. గీతల సమాచారాన్ని రూపాంతరం చేసి భద్రపరిస్తే, అది బయటపడినప్పుడు రద్దుచేసి మరో రూపాంతరం ఇవ్వవచ్చు.

4. ముగింపు

చర్యకు ‘ముద్ర’, చిత్రానికి ‘ప్రతి’, నిల్వరూపానికి ‘మూస’ అని వేరుచేసి వాడటం పరిభాషా సౌలభ్యం మాత్రమే కాదు. సమ్మతిపత్రంలో ‘వేలిముద్ర ఇచ్చాను’ అని రాసే పౌరుడికి తాను ఇస్తున్నది మూస అని తెలియాలి. అప్పుడే దాన్ని ఎవరు, ఎంతకాలం, ఏ రూపంలో దాస్తారని అడగగలడు.