కంపన పరిమితి సాక్ష్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

భూకంప పరావర్తన సర్వేలో కంపన పరిమితి పెద్దగా నమోదైతే అక్కడ వాయువు ఉన్నట్లేనని చెప్పడం కద్దు. దీన్ని ‘బ్రైట్ స్పాట్’ వాదం అంటారు. దీని బలాబలాలను పరిశీలిద్దాం.

వాదానికి ఆధారం లేకపోలేదు. శిల సాంద్రతను తరంగ వేగంతో గుణిస్తే ధ్వని అవరోధం వస్తుంది. రెండు పొరల అవరోధాల భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే పరావర్తన గుణకం వస్తుంది. షేల్ అవరోధం 5750, దాని కింద ఉప్పునీరున్న ఇసుకరాయిది 5390, వాయువున్న ఇసుకరాయిది 4000 అనుకోండి. నీరుంటే గుణకం −0.03, వాయువుంటే −0.18. తేడా స్పష్టం.

లోపం ఎక్కడ? రంధ్రాలలో కొద్దిపాటి వాయువు చేరినా వేగం బాగా పడిపోతుంది. ఆపై ఎంత చేరినా అంతగా మారదు. 1951 నాటి గాస్‌మన్ సమీకరణాలతో దీన్ని వివరించవచ్చు. కనుక లాభసాటి నిల్వ, పనికిరాని నిల్వ దాదాపు ఒకేలా కనిపించవచ్చు.

అందుకే క్రమాంకనం అవసరం. బావిలో కొలిచిన వేగం, సాంద్రతలతో కృత్రిమ సీస్మోగ్రామ్ తయారుచేసి, సర్వే రికార్డుతో పోల్చాలి. అయితే బావి కొలతలనూ గుడ్డిగా నమ్మలేం. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్వినప్పుడు, 10వ స్థలంలో పగుళ్లున్న బంకమట్టిలో హైడ్రేట్ దొరికింది. విద్యుత్ నిరోధం ఆధారంగా వేసిన లెక్క, పీడన కోర్లు చూపినదానికంటే చాలా ఎక్కువ హైడ్రేట్‌ను చూపింది. అన్ని దిశలలో నిరోధం ఒకటేనన్న ఊహ పగుళ్ల దగ్గర చెల్లలేదు.

ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట గ్రానైట్ నేలకు వద్దాం. ఇక్కడ వెతికేది నీరు. గ్రానైట్‌లో వేగం సెకనుకు 5000 మీటర్లు, పౌనఃపున్యం 100 హెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం 50 మీటర్లు. పొరను విడిగా గుర్తించాలంటే దాని మందం అందులో సుమారు నాలుగో వంతు, అంటే 12.5 మీటర్లు ఉండాలి. బోరుకు నీరిచ్చే పగులు మందం సెంటీమీటర్లలోనే ఉండవచ్చు. పైనున్న శిథిల శిలలో 1500 మీటర్ల వేగం నీటికి గుర్తు కావచ్చు. నీరులేని గట్టి శిథిల శిలలోనూ అదే వేగం రావచ్చు.

కాబట్టి ఇక్కడ వక్రీభవన సర్వే శిథిల పొర మందాన్ని చెప్పగలదు గాని నీరుందని హామీ ఇవ్వలేదు. దగ్గరి బోర్ల వివరాలు, విద్యుత్ నిరోధ సర్వే ఫలితాలు జోడించాకే తవ్వకం చోటు నిర్ణయించాలి. తీర్పు తప్పితే ఎండిన బోరు అప్పు రైతు మీదే పడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ ఊరి బోర్ల వివరాలలో ఏవి క్రమాంకనానికి పనికివస్తాయి? ఎందుకు?