కోడిపిల్ల జాతిని రంగు చెప్పగలదా? – కుక్కుట శాస్త్రముపై ఒక విమర్శ

నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపూరు ప్రాంతము (2016 వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలోనిది) ఒకవైపు కృష్ణానదికి, మరొకవైపు నల్లమల అడవులకు దగ్గర. ఇట్టి ఊళ్ళలో పెరటిలో నాలుగు కోళ్ళు పెంచు అలవాటు నేటికిని పోలేదు. నాటు కోళ్ళతోపాటు బాంటములనబడు పొట్టి కోళ్ళను కూడ ఇప్పుడు కొందరు సరదాకు పెంచుచున్నారు. అంగడిలో కలగలుపు గంపనుండి పదిపన్నెండు పిల్లలను కొని తెచ్చిన విద్యార్థి మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఇవి ఏ జాతివి? అమ్మినవాడు ఒక పేరు చెప్పును. ఇంటిలోని పెద్దవారు పిల్ల రంగు చూచి డేగ, కాకి, నెమలి అని మరొక పేరు పెట్టుదురు. మొదటి పేరు వెనుక బేరమున్నది. రెండవ పేరు వెనుక ఒక పుస్తకమున్నది. ఆ పుస్తకము నిజముగా ఎంతవరకు పనికివచ్చునో చూడవలెను.

కుక్కుట శాస్త్రమను పేర మనలో వ్యాపించిన ఈ గ్రంథము ముఖ్యముగా కోడిపందెముల వారిది. దినములు, నక్షత్రములు, దిక్కులనుబట్టి ఏ రంగు పుంజు గెలుచునో చెప్పు భాగమును ఇక్కడ విడిచిపెట్టుదము. దానికి ప్రయోగ నిదర్శనము లేదు. జంతువులను పోరాటమునకు పురికొల్పుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము కూడ. విమర్శకు నిలువదగినది దాని వర్ణపరిభాష. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ. మెడమీద నలుపు తెలుపు ఈకలు సమముగా కలిసిన పుంజు పర్ల. ఎరుపు, బూడిద రంగులు కలిసినది మైల. ఒక్కొక్క ఈకలో నలుపు, తెలుపు, ఎరుపు మూడును ఉన్నది పూల. నలుపు, ఎరుపు, పసుపు కలిసినది కౌజు. ముంగిస, గేరువా, అబ్రాసు, పింగళ ఇంకను ఉన్నవి. ఈక మొత్తము రంగును, ఒక్క ఈకలోనే కనబడు రంగులను, మెడ రంగును, రెక్క రంగును వేరువేరుగా గమనించి పేరు పెట్టిన ఈ చూపు సామాన్యమైనది కాదు. మన పాఠ్యపుస్తకములలో కోడి ఈకల వర్ణనకు ఇంత చక్కని తెలుగు మాటలు లేకపోవుట విచారకరము.

ఐతే ఈ పేర్లు దేనికి పెట్టినవో మరువరాదు. ఇవి ఎదిగిన పుంజు రంగులకు పెట్టిన పేర్లు. జాతులకు కావు, పెట్టలకు కావు, పిల్లలకు అసలే కావు. ఒకే పెట్ట పొదిగిన గుడ్లనుండి డేగ, కాకి రెండును రావచ్చును. అవి తోబుట్టువులు, జాతి ఒక్కటే. రంగు పేరును జాతి పేరుగా వాడుట ఎట్టిదనగా, ఒక ఇంటిలో నల్లని పిల్లవానికొక ఇంటిపేరు, చామనచాయ పిల్లవానికి మరొక ఇంటిపేరు పెట్టినట్టిది.

పిల్ల విషయములో చిక్కు ఇంకను పెద్దది. గుడ్డునుండి వచ్చిన దినమున పిల్లకు ఉన్నది ఈక కాదు, నూగు. నూగు రంగు తరువాత వచ్చు ఈకల రంగును అన్నివేళల తెలుపదు. వీపున గోధుమరంగు చారలున్న పిల్లను చూచి చాలమంది అది అచ్చమైన నాటుదని తేల్చుదురు. ఆ చారలు పెంపుడు కోళ్ళకు మూలమైన ఎర్ర అడవికోడి పిల్లకు ఉండు చారలే. దేశదేశముల జాతులలో ఎన్నిటికో అవి ఉన్నవి. అంతేకాదు, వేరువేరు జాతులను కలిపినప్పుడు ఆ పాత వేషము తిరిగి బయటపడుట కలదు. చార్లెస్ డార్విన్ నల్లని స్పానిష్ పుంజును తెల్లని సిల్కీ పెట్టతో కలుపగా పుట్టిన పుంజులలో ఒకటి అడవికోడి ఈకలతో ఎదిగినది. 1868లో వెలువడిన తన గ్రంథములో ఆయన ఈ సంగతి వ్రాసెను. తండ్రి నలుపు, తల్లి తెలుపు, బిడ్డ అడవికోడి! ఆ పుంజు తల్లిదండ్రులు తెలియనివాడు దానిని ఏ జాతి అనును?

మరి దేనిని చూడవలెను? రంగును వదలి శరీర నిర్మాణమును చూడవలెను. కాలివ్రేళ్ళు నాలుగా, ఐదా? కాళ్ళపై నూగు ఉన్నదా? మెడ బోడిగా ఉన్నదా? నెత్తిమీది జుట్టు, అనగా తురాయి, ఎట్టిది? ఇవి మొదటి దినములలోనే కనబడును. మన ఆసీల్ కోడికి చిన్నదైన బఠాణి జుట్టు ఉండును. రంపపు పండ్లవలె నిటారుగా నిలుచు ఒంటి జుట్టు గల పిల్లను చూపి ఎవరైన అసలైన ఆసీల్ అన్నచో నమ్మనక్కరలేదు. ఐదు వ్రేళ్ళున్నచో సిల్కీ వంటి జాతి రక్తము ఎచ్చటనో కలిసినదని అనుమానింపవచ్చును.

ఇక్కడ జీవశాస్త్ర ఉపాధ్యాయులకు ఒక మంచి పాఠమున్నది. మెండెల్ సూత్రములు జంతువులకును వర్తించునని 1902లో బేట్సన్ చూపినది కోళ్ళమీదనే. తరువాత ఆయనయు, పన్నెట్టును గులాబి జుట్టు కోడిని బఠాణి జుట్టు కోడితో కలుపగా రెండింటికిని చెందని అక్రోటు జుట్టు పిల్లలు పుట్టినవి. ఆ పిల్లలను తమలో తాము కలుపగా అక్రోటు 9, గులాబి 3, బఠాణి 3, ఒంటి జుట్టు 1 పాళ్ళలో వచ్చినవి. తాతలలో ఎవరికిని లేని ఒంటి జుట్టు మనుమలలో కనబడినది! బఠాణి జుట్టు బహిర్గత లక్షణము కనుక ఒక్క ఆసీల్ తండ్రి ఉన్నను అది పిల్లలకు వచ్చును. అందుచేత బఠాణి జుట్టు లేకుండుట ఆసీల్ కాదనుటకు బలమైన సాక్ష్యము. ఉండుట మాత్రము ఆసీల్ అనుటకు చాలదు. కుక్కుట శాస్త్రము గాని, గంపవాడు గాని ఈ భేదమును పాటింపరు. నా దృష్టిలో వారి ప్రధాన లోపమిదే.

డబ్బు నష్టము ఎక్కువగా కలుగుచోటు కడక్‌నాథ్. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు ఈ కోడి మాంసమునకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. పిల్లల ధరయు ఎక్కువే. నల్లని పిల్ల యెల్ల కడక్‌నాథ్ కాదు. నలుపు నూగులోగాక చర్మములో, ముక్కులో, నాలుకలో, అరికాళ్ళలో ఉండవలెను. అసలైన కడక్‌నాథ్ పిల్ల నూగు నీలినలుపుగా ఉండి వీపున క్రమము లేని చారలు ఉండవచ్చును. పోనీ, చర్మము నల్లనైనచో నిశ్చయమా? అదియు కాదు. సిల్కీకిని నల్లని చర్మమే. పైగా 1911లో బేట్సన్, పన్నెట్టు నల్లచర్మపు సిల్కీ పుంజును లేతరంగు కాళ్ళ లెగ్‌హార్న్ పెట్టతో కలుపగా ఆడుపిల్లలు బాగుగా నల్లబడినవి, మగపిల్లలు అట్లు నల్లబడలేదు. అనగా సగము రక్తము మాత్రమే గల పెట్టపిల్ల పూర్తి ధరకు అమ్ముడుపోవుటకు ఏ అడ్డును లేదు.

పసుపు కాళ్ళ కథ మన అడవులను తాకును. పెంపుడు కోడి చర్మపు పసుపు రంగునకు కారణమైన జన్యువు ఎర్ర అడవికోడినుండి గాక, దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ పక్షి నల్లమలలోను ఉన్నది. కాని పసుపు కాలు నేడు ప్రపంచమంతట కనబడు లక్షణము. దానినిబట్టి కొల్లాపూరు పిల్లను అడవికోడి సంతతి అనరాదు.

ఇక పొట్టి కోళ్ళు. బాంటము అను మాట జావా ద్వీపములోని బాంటెన్ రేవు పేరునుండి వచ్చినది. చిన్న పిల్ల యెల్ల బాంటము కాదు. పుట్టినప్పుడు పిల్ల బరువు గుడ్డు బరువులో సుమారు మూడింట రెండు వంతులుండును. కొత్తగా గుడ్డు పెట్టు పడ్డ గుడ్డు చిన్నది, దాని పిల్లయు చిన్నది. నెల తిరుగక ఆ చిన్నతనము నిజమైనదో కాదో చెప్పలేము. జపాను బాంటము పొట్టి కాళ్ళ విషయము మరియు విచిత్రము: పొట్టి కాళ్ళవానిని రెండింటిని కలిపినచో నాల్గవవంతు పిండములు గుడ్డులోనే చచ్చును, సగము పొట్టి కాళ్ళతోను, మిగిలిన నాల్గవవంతు పొడుగు కాళ్ళతోను పుట్టును. ఆ పొడుగు కాళ్ళ పిల్లను చూచి మోసపోతిమని అనుకొనువారున్నారు. అది మోసము కాదు, మెండెల్ లెక్క.

గులాబి, ఆకుపచ్చ రంగులు పూసి వీధులలో అమ్ము పిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. అవి చాలవరకు గుడ్ల కోళ్ళ హేచరీలకు పనికిరాని మగపిల్లలు. హైదరాబాదులోని రాజేంద్రనగరు పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు రంగురంగుల ఈకలతో నాటు కోళ్ళవలెనే కనబడును. పెరటి పెంపకమునకు అవి మంచివే. కాని వాటి రంగు చూచి నాటువని నమ్మి మన ఆసీల్ పెట్టలతో కలిపి పిల్లలను తీసి ఆసీల్ అని పంచినచో, కొన్ని తరములకు ఆ ఊరిలో ఆసీల్ పేరు మిగులును, ఆసీల్ మిగులదు.

పాఠశాలలో ఈ పరీక్ష చేయదలచినచో ఖర్చు స్వల్పము. ప్రతి పిల్ల కాలికి వేరువేరు రంగు దారము వదులుగా కట్టి, పెరిగినకొలది వారమునకొకసారి మార్చి కట్టవలెను. మొదటి దినమున వ్రేళ్ళు, కాలి రంగు, చర్మము, జుట్టు, బరువు వ్రాయవలెను. నాలుగు, ఎనిమిది, పదునారు వారములకు మరల వ్రాయవలెను. పుంజు ఈకలు పూర్తిగా వచ్చిన తరువాత రంగు గడిలో డేగ, పర్ల, మైల మొదలైన మాటలు నిస్సంకోచముగా వాడవచ్చును. అందుకు వాటిని మించిన మాటలు లేవు. తల్లిదండ్రులను చూడని పిల్లకు జాతి గడిలో 'మిశ్రమము' అని వ్రాసి, ఆ ప్రక్కన అది ఏ జాతులది కాదని తేలినదో వరుసగా వ్రాయవలెను. ఆ వరుస వారము వారము పెరుగును.