ఆంగ్లపదముల వల్లెవేత

తిరుపతి, చిత్తూరు పట్టణముల పుస్తకపుటంగళ్లలో ఉద్యోగపరీక్షలకు చదువువారికై యమ్ముచున్న ఆంగ్లపదసంగ్రహములను కొన్నిటిని మేము చూచితిమి. కూర్పు దాదాపొక్కటే. ఎడమప్రక్క కఠినమైన యాంగ్లపదము, కుడిప్రక్క దాని కొక తెలుగుమాట, ఆంగ్లాక్షరక్రమమున పుటలకు పుటలు. వీనిని తెల్లవాఱుజామున లేచి వల్లించు బాలబాలికల పరిశ్రమను మేము పరిహసింపము. ఆ పరిశ్రమకు తగిన ఫలము నీయని కూర్పును గూర్చియే మా యాక్షేపణ.

వల్లెవేయుట మనకు క్రొత్త గాదు. బాల్యముననే యమరకోశమును కంఠస్థము చేయుట మన పూర్వుల యాచారము. కాని యమరసింహుడు స్వర్గవర్గము, భూమివర్గము, వనౌషధివర్గము అని పదములను విషయమునుబట్టి కూర్చెను. ఒకమాట తలచిన దాని చుట్టములు వెంట వచ్చును. మాట లింగమేదో గూడ నచ్చటనే తెలియును. ఈ సంగ్రహములలోనో, ప్రక్కప్రక్క నున్న పదములకు మొదటి యక్షరము తప్ప వేఱు బాంధవ్యము లేదు.

అంతకంటె పెద్దలోప మర్థము నిచ్చుటలో నున్నది. 'ఎగ్రీజియస్' అను పదము, మందనుండి వేఱై మిన్నగా నిలిచినదను లాటిను మాటనుండి పుట్టినది. ఇంగ్లీషులోను నొకప్పుడు మెప్పుగా వాడిరి. నేడది ఘోరమైన తప్పులకు, అన్యాయములకు చెల్లుచున్నది. 'అసాధారణమైన' అని మాత్రము చదివిన పిల్లవాడు అర్జీలో తన యోగ్యతలకే దానిని విశేషణముగా తగిలించినచో తప్పెవరిది? మన 'ప్రబుద్ధుడు' గతియు నిట్టిదే గదా! నిఘంటువున నాతడు జ్ఞాని. పరీక్ష తప్పివచ్చిన కొడుకును జూపి తండ్రి 'మా ప్రబుద్ధుడు' అన్నపుడు ఆ జ్ఞానమెక్కడ?

చిత్తూరుసీమవారి కీసంగతి మఱింత సులభముగా బోధపడవలెను. ఇచట తెలుగును అరవమును ఒకే వీథిలో వినబడును. 'అవసరము' తెలుగువానికి కావలసినపని, అరవవానికి తొందర. ఈ భేదమును జనులు బజారులో బేరమాడుచునే నేర్చుకొనిరి గాని యే పట్టికయు చూడలేదు.

1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చిన బ్రౌనుదొర, 1852లో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును ప్రకటించెను. మాటకు ఎదురుమాట నిచ్చి యూరకుండక, వాడుక తెలియుటకు వాక్యములను గూడ నాయన చేర్చుచు వచ్చెను. చిత్తూరు చెంత కట్టమంచిలో 1880లో జన్మించి కేంబ్రిడ్జిలో చదివిన రామలింగారెడ్డిగారు ఆంగ్లమున గొప్పవక్తలు. ఐనను 1914 నాటి 'కవిత్వతత్త్వవిచారము'ను తెలుగుననే వ్రాసి, పాశ్చాత్యవిమర్శనమున గ్రహించిన భావములతో సూరన కళాపూర్ణోదయమును పరిశీలించిరి. ఇంగ్లీషున నేర్చినదానిని తెలుగువాక్యమున చెప్పగలిగినవానికే దాని యర్థము వచ్చినట్లు. ఈ పరీక్షకు మాష్టరక్కఱలేదు, ఇంటిలోని తల్లియే చేయవచ్చును: 'పుస్తకములోని మాట వాడక నాకు చెప్పుము' అని యడిగిన చాలును.

న్యాయముగా నొక్కమాట. కొన్ని సంగ్రహముల చివర లాటిను ఉపసర్గలను వివరించిరి. 'బెనె' మన 'సు' వంటిదనియు, 'మాల్' మన 'దుర్' వంటిదనియు తెలిసినవాడు క్రొత్తపదమును చూచి బెదరడు. పుస్తకమున మేలైన భాగమిదియే. దానిని చివరి రెండు పుటలలో నిఱికించుట వింత.

ప్రకాశకులు న్యాయస్థానము, వైద్యము, బ్యాంకు, సేద్యము అని విషయవిభాగము చేసి, పదముక్రింద నొకవాక్యమును, విద్యార్థి తన వాక్యము వ్రాసికొనుటకు కొంత చోటును విడువవలెను. పదములు తగ్గును, తగ్గనిండు. అంతదాక తల్లిదండ్రులు వెల చెల్లించుటకు ముందు నాలుగుపుటలు త్రిప్పి, వాక్యములున్నవో లేవో యంగడిలోనే చూచుకొనవలెను.