దశాంశబిందువునకు కుడివైపున

నాలుగువందల డాలర్లకు అమ్ముడుపోవు ఒక స్మార్ట్‌ఫోనుపై పేటెంటుదారులకు 120 డాలర్ల వఱకు రాయల్టీ చెల్లింపవలసి రావచ్చునని 2014లో అమెరికాలో వెలువడిన ఒక పత్రము గణించినది; దానిని రచించిన మువ్వురిలో ఇరువురు ఒక న్యాయవాద సంస్థకును, ఒకరు ఇంటెల్ కంపెనీకిని చెందినవారు. కొన్ని వత్సరముల పిమ్మట స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు స్టీఫెన్ హేబరు, తన సహచరులతో గూడి, 2016వ సంవత్సరమున పేటెంటుదారులకు వాస్తవముగా చేరిన సొమ్మును ప్రపంచమందలి ఫోన్ల అమ్మకముల విలువతో భాగించి చూడగా, అది సుమారు 3.4 శాతము మాత్రమే అయినది. ముప్పది శాతమెక్కడ, మూడున్నర శాతమెక్కడ? ఈ లెక్కలు కట్టుటయే వృత్తిగా గల నన్నెవరైనను "ఇంతకును నిజమైన రేటెంత?" అని అడిగినపుడు ఈ రెండంకెలను వారి ముందుంచి, ఒక క్షణము మిన్నకుందును.

మొదటి లెక్క ప్రధానముగా ప్రకటిత ధరలను ఒకదానిపై నొకటి పేర్చినది. పిమ్మట 5జి ఫోను ఒక్కింటికి నోకియా 3 యూరోలనియు, ఎరిక్సన్ 5 డాలర్ల వఱకనియు, హువావే రెండున్నర డాలర్లకు మించదనియు చాటిన మాట నిజమే. కాని అవి బేరమునకు ఆరంభములే గాని అంతములు కావు. పూతనంతయు కాయగా లెక్కించి తోట కొను వర్తకుడు ఎంతకాలము వ్యాపారము చేయగలడు? రెండవ లెక్క చేతికందిన సొమ్మును చూచినది గనుక దానియందే నాకు గురి యెక్కువ. అయినను అదియు నిర్దుష్టము కాదు. ఇరు కంపెనీలు తమ పేటెంట్లను పరస్పరము ఇచ్చి పుచ్చుకొన్నపుడు నగదు చేతులు మారదు, విలువ మాత్రము మారును. ఆ విలువ లవములో కనబడదు. ఒక పైసయు చెల్లింపక ఫోన్లు అమ్ముకొనువారు హారములో మాత్రము నిక్షేపముగా కూర్చుండి, సగటును క్రిందికి లాగుదురు.

కావున అనుభవజ్ఞులు సాధారణముగా పోల్చదగిన పాత లైసెన్సులను ఆశ్రయింతురు. ఇచటనే మా విద్యయొక్క అసలు పరీక్ష. ఒప్పందములో "ఇంత శాతము" అని వ్రాసియున్న సుదినములు అరుదు. ఏకమొత్తముగా ఇంత సొమ్మని మాత్రమే ఉండును. మాటవరుసకు పదికోట్ల డాలర్ల ఒప్పందము ననుకొందము: గతములో అమ్మిన ఫోన్ల విలువ 500 కోట్లు, రాబోవు ఐదేండ్లలో అమ్మబోవువాటి విలువ 1500 కోట్లు. అంతటిపైని పంచినచో రేటు 0.5 శాతము. పేటెంటుదారుడు గతమును క్షమించి వదలివేసెనన్నచో 0.67 శాతము. సంతకము చేసిన దినమున ఉభయులును భవిష్యత్తులో వేయికోట్ల అమ్మకములనే ఊహించిరని ఏదో ఒక లేఖవలన తేలినచో, ఆ పదికోట్లే ఒక శాతమై కూర్చుండును. కాగితము మారలేదు, సొమ్ము మారలేదు. రేటు మాత్రము రెట్టింపైనది. పేటెంటుదారుని పక్షపు నిపుణుడు ఒక శాతమువద్దను, తయారీదారుని పక్షపువాడు అరశాతమువద్దను స్థిరనివాస మేర్పరచుకొనుటలో ఆశ్చర్యమేమున్నది? అందుచేత ఎవరి నివేదిక నా బల్లపైకి వచ్చినను, ఫలితమును చూడక ముందుగా గతమును ఆ గ్రంథకర్త ఏమి చేసెనో వెదకుదును.

ఇట్టి అరణ్యములో నాకు ప్రియమైన తీర్పొకటి కలదు. అన్‌వైర్డ్ ప్లానెట్, హువావేల వ్యాజ్యములో 2017 ఏప్రిలున లండను హైకోర్టు న్యాయమూర్తి బిర్స్ వెలువరించినది. అన్‌వైర్డ్ ప్లానెట్ పేటెంట్లు పూర్వము ఎరిక్సన్‌వి గనుక, 4జి విషయమున ఎరిక్సన్ సంపుటికి 0.80 శాతము విలువ కట్టి, అందుతో పోల్చిన అన్‌వైర్డ్ ప్లానెట్ బలము 7.69 శాతమని నిర్ణయించి, రెంటిని గుణించి 0.062 శాతమును ప్రమాణముగా నిలిపినారు. అంతటితో ఊరకుండక, తక్కిన పేటెంటుదారులందఱును ఇదే కొలతతో వసూలుచేసినచో మొత్తము భారము 8.8 శాతమగునని సరిచూచినారు. ప్రతి మెట్టును పాఠకునికి కనబడనిచ్చిన ఈ గుణమే నన్ను ఆకర్షించును. గ్రంథాలయములో చదువుకొనుటకు మాకు దొరకు తీర్పులలో అంకె లుండవలసిన చోట్ల నల్లని పట్టీలే అధికము.

అయినను ఆ 7.69 ఎట్లు పుట్టినదని అడుగువానిని నేను తప్పుపట్టను. అది అత్యావశ్యక పేటెంట్ల లెక్కపై నిలిచిన భాగహారము; 4జి వంటి సాంకేతిక ప్రమాణమునకు తమ పేటెంటు అత్యావశ్యకమని యూరోపియను ప్రమాణసంస్థయైన ఎట్సీకి ప్రకటించువారు పేటెంటుదారులే. ఆ ప్రకటనను సంస్థ పరీక్షింపదు. 2005లో గుడ్‌మన్, మైయర్సు అనువారు 3జి ప్రకటనలను శోధించి, నిజముగా అత్యావశ్యకములైనవి సుమారు ఐదింట ఒకవంతని తేల్చినారు. తక్కిన నాలుగువంతులను ఎవరు ఎంత శ్రద్ధతో ఏరివేసిరన్నదానిపై ఆధారపడిన ఒక భాగహారమును దశాంశబిందువునకు కుడివైపున రెండంకెల వఱకు వ్రాయుటలో కొంత సాహసమున్నది.

మన దేశములో ఢిల్లీ హైకోర్టు 2024 మార్చిలో ఎరిక్సన్‌కు లావా కంపెనీ 244 కోట్ల రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించినపుడు, వివాదము రేటుతోపాటు ఆ రేటును దేనిపై వేయవలెనన్నదానిపైనను సాగినది: ఫోనులోని చిప్పు ధరపైనా, ఫోను ధరపైనా? న్యాయస్థానము ఫోను నికర విక్రయధరను గైకొని, దానిపై 1.05 శాతమును నిర్ణయించినది. చిప్పు వాదము నాకెన్నడును రుచింపలేదు. లైసెన్సు బేరములు అత్యధికము ఫోనుధర నాధారముగా చేసికొనియే సాగినవి గదా.

ఇక పేటెంటుదారైన ఆప్టిస్, ఆపిల్‌ల వ్యాజ్యములో లండను హైకోర్టు 2023లో ప్రపంచవ్యాప్త లైసెన్సునకు 5.64 కోట్ల డాలర్లని చెప్పగా, 2025 మేనెలలో అప్పీలు కోర్టు దానిని 50.2 కోట్లు చేసినది. కూడికలో గాని తీసివేతలో గాని ఎవరును పొరబడి ఇంత దూరము రాలేదు. ఏ ఒప్పందమును పోలికకు తీసికొనవలెను, ఏ దానిని ప్రక్కకు నెట్టవలెనన్న ప్రశ్నకు వారిచ్చిన సమాధానములు వేఱు. ఇరువురికిని సరిపోవునట్లు నన్నొక అంకె చెప్పుమన్నచో, నేను చెప్పను. నా నివేదికలో రెండు నిలువు గడులు గీసి, ఏ ఊహకు ఏ ఫలితమో ఎదురెదురుగా వ్రాసి, ఊహలను ఫలితములకంటె పెద్ద అక్షరములలో అచ్చొత్తింతును.