అడగాల్సిన పని లేని డ్రాయింగ్

మెకానికల్ డిప్లొమా చదివినవాళ్లకు బుష్ బేరింగ్ షీటు కొత్తేమీ కాదు. పోత ఇనుప దిమ్మ, దాని బెజ్జంలో గన్‌మెటల్ బుష్, అందులో తిరిగే షాఫ్టు, పైన నూనె పోసే రంధ్రం, అడుగున రెండు బోల్టు రంధ్రాలు. సరంజామా అంతా ఇంతే. చేయి తిరిగిన డ్రాఫ్ట్స్‌మన్ దీన్ని గీస్తే, ఆ కాగితం చూసి టర్నర్ ఎవర్నీ ఏమీ అడక్కుండా పని ముగిస్తాడు. డ్రాయింగ్ పనితనానికి ఇంతకుమించిన పరీక్ష లేదు.

ముందు గీతలు చూడండి. కంటికి కనిపించే అంచులకు మందమైన నిండు గీత. లోపల దాగిన అంచులకు సన్నటి తెగిన గీత. మధ్యరేఖకు పొడుగు ముక్క, పొట్టి ముక్క కలిపిన సన్న గీత. కొలతలకు సన్నటి నిండు గీత. మందపు గీత సన్న గీతకు రెట్టింపు ఉండాలన్నది మామూలు నియమం. అది పాటించిన షీటులో వస్తువు ముందుకొచ్చి నిలబడుతుంది, కొలతలు ఒద్దికగా వెనక ఉంటాయి. అన్నీ ఒకే మందంలో గీస్తే ఏది అంచో, ఏది కొలత గీతో వెతుక్కోవాలి.

ఈ బేరింగ్‌కు బయటి రూపంలో విశేషం లేదు, ఉన్నదంతా లోపలే. అందుకే ముందు వ్యూని సగం కోసినట్టు చూపిస్తారు. కోత పడిన చోట 45 డిగ్రీల వాలులో సన్న గీతల హ్యాచింగ్. దిమ్మ గీతలు ఒక పక్కకు వాలితే బుష్ గీతలు ఎదురు పక్కకు వాలతాయి. పేర్లు రాయకుండానే రెండూ వేర్వేరు వస్తువులని తెలిసిపోతుంది. కోత షాఫ్టు పొడవునా సాగినా దానికి మాత్రం హ్యాచింగ్ వేయరు. లోపల బోలు లేనిదాన్ని కోసి చూపిస్తే కొత్తగా తెలిసేదేముంది?

వ్యూలు పేర్చడానికీ ఒక పద్ధతుంది. ఘనవస్తువును రెండు తలాల మీద పరిచి చూపే శాస్త్రాన్ని గాస్పార్ మాంజ్ 1760లలో ఫ్రాన్సులోని మెజియేర్ సైనిక పాఠశాలలో రూపొందించాడు. కోటల కట్టడానికి పనికొచ్చే ఆ విద్యను సైన్యం ఏళ్ల తరబడి బయటికి పొక్కనివ్వలేదు. ఇప్పుడు మన కాలేజీల్లో ఫస్ట్ యాంగిల్ వాడతారు, పై వ్యూ ముందు వ్యూ కింద వస్తుంది. అమెరికాలో థర్డ్ యాంగిల్, అక్కడ పై వ్యూ పైనే ఉంటుంది. ఏది వాడారో టైటిల్ బ్లాకులోని కత్తిరించిన శంకువు గుర్తు చెబుతుంది. అది లేకపోతే కుడి పక్క వేయాల్సిన రంధ్రం ఎడమ పక్క పడవచ్చు.

అసలు నేర్పు కొలతల్లో బయటపడుతుంది. షాఫ్టు కేంద్రం ఎత్తును దిమ్మ అడుగు నుంచి ఇస్తారు. పైభాగం పోత పోసినప్పటి గరుకుతోనే ఉంటుంది, అడుగును మాత్రం నున్నగా చెక్కుతారు. యంత్రం మీద కూర్చునేదీ అడుగే కాబట్టి కొలత అక్కడి నుంచే మొదలవ్వాలి. ఒక కొలతను రెండుచోట్ల రాయరు. వరసగా మూడు ముక్కల కొలతలూ, మొత్తం పొడవూ అన్నీ ఇవ్వరు, ఒకటి వదిలేస్తారు. లేకపోతే ముక్కల్లోని చిన్న తేడాలన్నీ కలిసి మొత్తం కొలతతో పేచీ పెట్టుకుంటాయి.

బుష్ రంధ్రం దగ్గర 25 హెచ్7, షాఫ్టు దగ్గర 25 జి6 అని ఉందనుకుందాం. ఆ గుర్తుల ప్రకారం రంధ్రం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల మధ్య ఉండొచ్చు. షాఫ్టు 24.980 నుంచి 24.993 మధ్య. అంటే ఏ బుష్‌లో ఏ షాఫ్టు దూర్చినా సందు 0.007కు తగ్గదు, 0.041కి మించదు. షాఫ్టు పట్టేయదు, వదులై కొట్టుకోదు. ఇంత కచ్చితం కోరిన మనిషే దిమ్మ వెడల్పును మామూలు కొలతతో సరిపెడతాడు. అవసరం లేని చోట మైక్రాన్లు అడిగితే షాపులో గంటలూ డబ్బూ దండగ.

ఇప్పుడు గీత మందం, బాణం పొడవు క్యాడ్ చూసుకుంటుంది. ఎక్కడ కోయాలి, ఏ తలం నుంచి కొలవాలి, ఏ కొలతను బిగించాలి, దేన్ని వదలాలి అన్నవి మాత్రం షాపులో పని ఎలా సాగుతుందో తెలిసినవాళ్లే తేల్చాలి.